పెప్పర్ గ్రైండర్లు నాలుగు మార్చాను, ఉప్పు మాత్రం జాడీ దాటలేదు

వైజాగ్ పెదవాల్తేరులో మా ఇల్లు మూడో అంతస్తు. వంటగది కిటికీ తెరిస్తే సముద్రం కనపడదు గానీ గాలి నేరుగా అక్కడి నుంచే వస్తుంది, వచ్చి ఊరికే పోదు, కిటికీ గ్రిల్లుకీ స్టవ్ కాళ్ళకీ ఫ్రిజ్ అడుగుకీ తుప్పు పట్టించి మరీ పోతుంది. ఈ ఇంట్లో ఐదేళ్ళలో నాలుగు పెప్పర్ గ్రైండర్లు వాడాను. మూడు పోయాయి, ఒకటి మిగిలింది. ఉప్పు గ్రైండర్ కూడా ఒకటి వచ్చింది (సెట్టులో వచ్చింది లెండి, కావాలని కొనలేదు), దాన్ని పది రోజుల్లో పక్కన పెట్టేశాను. నా డబ్బు ఎలాగూ పోయింది, మీదైనా మిగులుతుందని ఇదంతా రాస్తున్నాను. నేను కొనేముందు చదివిన రివ్యూలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళవి. గ్రైండర్ ఎంత అందంగా ఉంది, డైనింగ్ టేబుల్ మీద ఎలా కనపడుతుంది అని రాస్తారే గానీ ఆగస్టులో వైజాగ్ వంటగదిలో మిరియాలు మెత్తబడితే ఏం చేయాలో ఒక్కరూ రాయలేదు. హైదరాబాదులో మా చెల్లి మూడేళ్ళుగా హాయిగా వాడుతున్న గ్రైండర్ లాంటిదే నేనూ కొన్నాను, ఇక్కడ మొదటి వర్షాకాలంలోనే లోపల ముద్ద కట్టింది. కాబట్టి ఇది సముద్రం పక్కన ఉండేవాళ్ళకి. మిగతావాళ్ళు సగం వదిలేసి చదువుకోవచ్చు.

ముందు, అసలు గ్రైండర్ అవసరమా అన్న ప్రశ్న. మా అత్తయ్యగారు అడిగింది ఇదే. ఆవిడది విజయనగరం వైపు. మొదటి గ్రైండర్ చూసి "ఇదేటమ్మా, నాలుగు మిరియాలు దంచడానికి కూడా మిషనేనా?" అన్నారు. ఆవిడ దగ్గర నల్లరాతి కల్వం ఉంది, ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. మిరియాల చారుకి, కట్టు పొంగలికి, చికెన్ వేపుడికి దాన్ని మించింది లేదు, నాలుగు గ్రైండర్ల తర్వాత కూడా ఇదే మాట అంటాను. చారుకి మిరియాలూ జీలకర్రా వెల్లుల్లీ కలిసి కచ్చాపచ్చాగా నలగాలి, గ్రైండర్లో వెల్లుల్లి వేసి తిప్పలేం కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మిక్సీలు అలంకారానికే మిగిలాయి, మా ఇంట్లో చారూ పచ్చడీ అన్నీ ఆ కల్వంతోనే గడిచాయి.

అయితే ఆమ్లెట్ మీద చిటికెడు మిరియాల పొడి కావాలంటే ఎవరూ కల్వం దించరు. దించి, ఆరు మిరియాలు వేసి, అందులో రెండు ఎగిరి స్టవ్ కిందకి దొర్లి, మిగతా నాలుగూ నలిగేసరికి ఆమ్లెట్ చల్లారిపోతుంది. అందుకని ప్యాకెట్ పొడి తెచ్చుకుంటాం. ఆ పొడి సంగతి చెప్పాలి. మిరియంలో కారం ఒకటి, వాసన ఒకటి, రెండూ వేరు. కారం పైపరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, అది అంత తొందరగా ఎక్కడికీ పోదు. వాసన మాత్రం గాలికి ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది, మిరియం గింజగా ఉన్నంతకాలం అవి లోపల భద్రంగా ఉంటాయి, పగలగొట్టిన క్షణం నుంచి పోవడం మొదలు. అందుకే తెరిచి నెల్లాళ్ళయిన ప్యాకెట్ పొడి గొంతులో మండుతుంది, తుమ్ములు తెప్పిస్తుంది, కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే సుద్దపొడికి కాస్త ఎక్కువ అంతే. అప్పుడే తిప్పిన మిరియానికి నిమ్మతొక్క లాంటి, తడిచెక్క లాంటి వాసన ఉంటుంది. పెరుగన్నం మీద ఒకసారి ఇదీ ఒకసారి అదీ చల్లుకుని చూడండి, తర్వాత నేను చెప్పక్కర్లేదు. గ్రైండర్ కొనడానికి కారణం ఇదొక్కటే. ఈ కారణం ఉప్పుకి వర్తించదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటిది సూపర్ మార్కెట్లో మిరియాలు నింపి అమ్మే గాజు సీసా, పైన తిప్పే ప్లాస్టిక్ మూత. ధర రెండు వందల చిల్లర. మొదటి రెండు వారాలు బాగానే తిరిగింది, "ఇంతకన్నా ఏం కావాలి" అనుకున్నాను కూడా. తర్వాత పొడికి బదులు సగం మిరియాలు, పావు మిరియాలు రాలడం మొదలయింది. మూత లాగి చూస్తే లోపల ప్లాస్టిక్ పళ్ళు అరిగి నున్నబడ్డాయి. అరిగిన ప్లాస్టిక్ ఎక్కడికి పోయిందంటారా? మా ఆయన ఆమ్లెట్లోకి, ఇంకెక్కడికి. పైగా ఆ మూత ఊడదు, మళ్ళీ నింపుకోవడానికి వీల్లేకుండా బిగించి ఉంది, నేను చాకుతో ఊడదీసేసరికి బొటనవేలు తెగింది. ఇలాంటివి టూర్‌కి వెళ్ళేటప్పుడు బ్యాగులో పడేసుకోవడానికి తప్ప ఇంటికి దండగ.

రెండోది ఆన్‌లైన్లో కొన్న బ్యాటరీ సెట్టు. ఉప్పుకొకటి, మిరియాలకొకటి, స్టీలు రంగులో ధగధగా మెరుస్తూ, నొక్కితే గుర్రుమంటూ, అడుగున చిన్న లైటు కూడా. ఆమ్లెట్ మీద టార్చిలైటు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక చేత్తో వాడుకోవచ్చు, అది నిజంగా సుఖం, ఇంకో చేతిలో గరిటె ఉన్నప్పుడు మరీను. చేతులు నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇదే నయం అంటాను, ఆ మాట మాత్రం దాచను. కానీ మా ఇంట్లో ఏడో నెలలో ఆగిపోయింది. పెన్సిల్ సెల్స్ మార్చాను, ఊహూ. సెల్స్ కూర్చునే చోట ఇనుప స్ప్రింగులకి పచ్చగా, ఎర్రగా తుప్పు. ఉప్పుకాగితంతో గీకితే మళ్ళీ నెలరోజులు నడిచింది, తర్వాత శాశ్వతంగా కన్ను మూసింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, పాపం ఆ అబ్బాయి చాలా మర్యాదగా, చెమ్మ వల్ల పాడైతే వారంటీ వర్తించదు మేడమ్ అన్నాడు. ఆ లెక్కన వైజాగ్‌లో దేనికీ వారంటీ ఉండదు బాబూ అని పెట్టేశాను. ఇంకో సంగతి, ఇలాంటివాటిలో చాలావాటికి పొడి పడే నోరు కిందికే ఉంటుంది. ఉడుకుతున్న సూప్ మీద పెట్టి నొక్కితే పొడి కిందికి వస్తుంది, ఆవిరి పైకి పోతుంది. లోపల మిరియాల పొడికి ఆవిరి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి, ఎండిన పేడలాగా పట్టేస్తుంది, గోరుతో గీకినా రాదు.

మూడోదాని మీద నాకు ఇప్పటికీ ప్రేమ పోలేదు. కర్రది, నడుము సన్నంగా, చేతిలో పట్టుకుంటే బొమ్మలాగా ఉండేది, లోపల పళ్ళు సిరామిక్‌వి. సిరామిక్ తుప్పు పట్టదు, ఆ విషయంలో మన ఊరికి సరైనది. లోపం ఏంటంటే స్టీలు పళ్ళు మిరియాన్ని కోస్తాయి, సిరామిక్ పళ్ళు నలుపుతాయి, అందుకని నెమ్మదిగా వస్తుంది, చెంచాడు పొడి కావాలంటే మణికట్టు లాగేస్తుంది. రోజుకో ఆమ్లెట్‌కి పర్వాలేదు, నలుగురికి పెప్పర్ రొయ్యలు చేసేటప్పుడు మాత్రం తిట్టుకుంటూ తిప్పాను. అయినా అది పోయింది పళ్ళ వల్ల కాదు, కర్ర వల్ల. జూలై వచ్చేసరికి కర్ర ఉబ్బి తల తిరగడం మానేసింది, సెప్టెంబరులో లోపలి గోడకి తెల్లటి బూజు. ఎండలో పెడితే పగులు ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన ఏటికొప్పాక ఎంత దూరం, అనకాపల్లి జిల్లాలోనే ఉంది. అంకుడు కర్రని లేతు (కర్రని గిర్రున తిప్పే మిషను) మీద తిప్పి, అది తిరుగుతుండగానే లక్క పట్టించి బొమ్మలు చేస్తారు, 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ కొన్న కుంకుమ భరిణె మా దేవుడి గూట్లో ఇరవై ఏళ్ళుగా ఉంది, మూత ఇప్పటికీ టక్కుమని పడుతుంది, ఏ వర్షాకాలంలోనూ ఉబ్బలేదు, లక్క పూత వల్లే అనుకుంటాను. ఆ లేతు మీద ఎవరైనా ఒక గ్రైండర్ ఒళ్ళు తిప్పి, లోపల మంచి స్టీలు పళ్ళు బిగించి అమ్మితే వరసలో మొదట నేనే నిలబడతాను.

ఇక నాలుగోది, మిగిలినది. రెండేళ్ళ క్రితం మా తమ్ముడు బయటి నుంచి వస్తూ తెచ్చాడు, మన డబ్బుల్లో మూడు వేల పైనే. ఇంత పెట్టి మిరియాలు తిప్పుకోవాలా అని మొదట కోపగించుకున్నాను. ఒళ్ళు దళసరి అక్రిలిక్‌ది, లోపల ఎన్ని మిరియాలున్నాయో కనపడుతుంది. పళ్ళు గట్టి స్టీలువి. విప్పి చూశాను, నాకు ఆ జబ్బు ఉంది. పైన పెద్ద మెలికల గాడులు ఉంటాయి, అవి మిరియాన్ని పట్టుకుని కిందికి లాగి ముందు రెండు మూడు ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలు కిందున్న సన్నపళ్ళలోకి జారి పొడి అవుతాయి. ముందు పగలగొట్టడం, తర్వాత రుబ్బడం. మంచి గ్రైండర్‌కీ చెత్తదానికీ తేడా అంతా ఈ రెండు మెట్లలోనే ఉంది. ఈ పని మొదట బాగా పట్టుకున్నవాళ్ళలో ఫ్రాన్స్ ప్యూజో వాళ్ళున్నారు, కార్ల ప్యూజోనే. 1840లో కాఫీ మిల్లు, 1874లో మిరియాల మిల్లు చేశారు, కారు ఆ తర్వాత. మా తమ్ముడు తెచ్చింది వాళ్ళదో కాదో చెప్పను, పేరు చూసి కొనకండి, పళ్ళు చూసి కొనండి.

దీనిలో లోపాలు లేవా? ఉన్నాయి. నెత్తిన ఉన్న గుండ్రటి మరతో సన్నం, బరక మార్చుకోవాలి, బిగిస్తే సన్నం, వదులు చేస్తే బరక. తిప్పగా తిప్పగా ఆ మర తనంతట తానే వదులవుతుంది, సన్నగా వస్తోంది కదా అనుకుంటుంటే ఉన్నట్టుండి నూకలాగా పడుతుంది. వారానికోసారి బిగించుకుంటాను. ఎంత బిగించినా చారుపొడిలా మెత్తగా రాదు, అది కావాలంటే మిక్సీయే. నూనె చేతులతో పట్టుకుంటే జారుతుంది. ఇవన్నీ పోను రెండేళ్ళలో ఒక్క తుప్పు చుక్క లేదు, ఇరవై తిప్పులకి అర చెంచా పొడి వస్తోంది. పైసా వసూల్ అనను, ఇంకా పదేళ్ళు నడిస్తే అప్పుడు అంటాను.

మూడు వేలు పెట్టక్కర్లేదు. అక్రిలిక్ లేదా గాజు ఒళ్ళూ సిరామిక్ పళ్ళూ ఉన్నవి మన ఊళ్ళోనే ఐదారు వందలకి దొరుకుతాయి, ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అది చాలు. కర్రదీ, బ్యాటరీదీ సముద్రం పక్కన వద్దు. కొనేటప్పుడు తలకిందులుగా పట్టుకుని అడుగు చూడండి, పళ్ళ మధ్యలో ఉండే కడ్డీ లోహంది కావాలి, ప్లాస్టిక్‌ది అయితే పెట్టేసి వచ్చేయండి. నింపే నోరు మిరియాలు గుమ్మరించేంత వెడల్పు ఉండాలి, లేకపోతే ప్రతిసారీ నేలంతా ఏరుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, అడుక్కి మూత ఉందా లేదా. ఎవరూ పట్టించుకోరు గానీ చెమ్మ ఎక్కేది అక్కడి నుంచే. నోరు కిందికి కాకుండా పైకి ఉండేవి కూడా వస్తున్నాయి, వాడాక తిప్పి పెట్టేయడమే, అవీ మంచివే.

మరొకటి, షాపులో తిప్పి చూడకుండా కొనకండి. జగదాంబ జంక్షన్ దగ్గర ఒక సామాన్ల షాపులో నేను హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం పొట్లం తీసి, అందులోంచి పది మిరియాలు గ్రైండర్లో పోసి తిప్పుతుంటే సేల్స్ కుర్రాడు బిత్తరపోయి ఓనర్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన వచ్చి చూసి, కోప్పడతాడనుకున్నాను, "ఇంకోటి కూడా తిప్పి చూడండమ్మా, ఏది బాగుందో నాకూ చెప్పండి, నేనెప్పుడూ తిప్పలేదు" అన్నాడు. రెండూ బాగాలేవు. రెండూ కొనలేదు. ఆయన నవ్వుతూనే పంపించాడు.

గ్రైండర్ ఎంత మంచిదైనా అందులో పోసే మిరియాలు మంచివి కాకపోతే లాభం లేదు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాఫీ తోటల్లో నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు ఎగబాకి ఉంటాయి, అరకు వెళ్ళినప్పుడు అందరం కాఫీ తాగి ఫోటోలు దిగి వస్తాం గానీ తలెత్తి ఆ తీగల్ని చూడం. ఆ మిరియాలు గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం కదా, దాని షాపుల్లో దొరుకుతాయి. 1956 నుంచి ఉన్న సంస్థ, హెడ్డాఫీసు మన ఊళ్ళోనే. నేను తేనెకి వెళ్ళినప్పుడల్లా పావుకిలో మిరియాలు కూడా తెచ్చుకుంటాను. గింజ ఒక్కోసారి చిన్నాపెద్దా కలిసి ఉంటుంది, వాసన మాత్రం ఢోకా లేదు. అక్కడ స్టాకు లేకపోతే పూర్ణా మార్కెట్లో లూజు. లూజు కొంటే కాస్త కళ్ళు తెరుచుకుని కొనాలి. ఇంటికి తెచ్చాక గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు వేయండి, మంచివి మునుగుతాయి. తేలేవి లోపల గుల్లవో, కాకపోతే ఎండబెట్టిన బొప్పాయి గింజలో. బొప్పాయి గింజ కోలగా, ముడతలుపడి, కాస్త ఆకుపచ్చ గోధుమరంగులో ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు. మరీ నిగనిగలాడుతున్నాయంటే వాసన చూడండి, కిరసనాయిలు వాసన లాంటిది వస్తే నూనె పట్టించారని అర్థం, వదిలేయండి. మిరియాల వ్యాపారంలో లీటరు కొలత ఎన్ని గ్రాములు తూగుతుందో చూసి రేటు కడతారు, బరువైన గింజకే విలువ. మనకి లీటరు కొలత లేకపోయినా అరచేతిలో పోసుకుంటే తేడా తెలిసిపోతుంది.

మెత్తబడిన మిరియాలు ఏ గ్రైండర్‌లోనూ పొడి కావు, అతుక్కుంటాయి. వర్షాకాలంలో నేను గ్రైండర్లో వారానికి సరిపడా మాత్రమే పోస్తాను, మిగతావి గాజు సీసాలో గట్టి మూత పెట్టి స్టవ్‌కి దూరంగా. ఎండ వచ్చిన రోజు ఓ రెండు గంటలు ప్లేటులో బాల్కనీలో పెడతాను. పెనం మీద వేయించమని కొందరంటారు, వేయిస్తే వాసన అప్పుడే సగం ఇల్లంతా పరుచుకుంటుంది, ఆమ్లెట్‌కి ఏం మిగులుతుంది? గ్రైండర్‌ని మాత్రం నీళ్ళతో కడగకండి. గుప్పెడు పచ్చి బియ్యం పోసి తిప్పితే పాత పొడంతా దాంతో బయటికి వచ్చేస్తుంది. స్టీలు పళ్ళ గ్రైండర్లో పొరపాటున కూడా ఉప్పు పోయొద్దు, తినేస్తుంది.

ఇక ఉప్పు. నా మాట సూటిగా చెప్తాను, ఉప్పు గ్రైండర్ కొనకండి. మిరియాన్ని అప్పటికప్పుడు ఎందుకు తిప్పాలో పైన చెప్పాను, ఎగిరిపోయే వాసన కోసం. ఉప్పులో ఎగిరిపోయేది ఏముంది? నిన్న దంచినా పదేళ్ళ క్రితం దంచినా ఉప్పు ఉప్పే. టేబుల్ మీద జంటగా బాగుంటాయని రెండూ కలిపి అమ్ముతారు, అంతే. సెట్టులో వచ్చిన దానిలో ఎర్రటి సైంధవ లవణం పోసి ఎంతో ముచ్చటగా మొదలుపెట్టాను. నాలుగో రోజు నుంచి చెమ్మ, పదో రోజుకి పళ్ళ మధ్య సిమెంటులాగా గట్టిపడింది. తప్పు దానిది కాదు, గాలిది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే శుద్ధమైన ఉప్పు కూడా గాలిలోంచి నీళ్ళు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. మన ఊళ్ళో వర్షాకాలంలో ఆ 75 దాటని రోజుని వెతుక్కోవాలి. రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. ప్యాకెట్ మెత్తుప్పు జలజలా రాలుతోందంటే అందులో గడ్డకట్టకుండా కాస్త మందు కలుపుతారు, ప్యాకెట్ వెనక 536 అనో 551 అనో నంబరు ఉంటుంది చూడండి. మోతాదులో వేసేదే, టెన్షన్ పడక్కర్లేదు.

ఇంట్లో ఉప్పు ఎందులో పెట్టాలి అన్నదానికి నేను అన్నీ వాడి మళ్ళీ మొదటికే వచ్చాను. స్టీలు డబ్బా వద్దు. పోపులపెట్టె వరసలో బాగుంటుందని స్టీలు డబ్బాలో పోశాను, ఏడాదిన్నరకి అడుగున సూదితో పొడిచినట్టు చిల్లులు, గూట్లో తెల్లటి చారిక. స్టీలుకి తుప్పు రాదనుకుంటాం గానీ తడి ఉప్పు దాన్ని చుక్క చుక్కగా తొలిచేస్తుంది. చెంచా కూడా అంతే, స్టీలు చెంచా ఉప్పులోనే వదిలేస్తే మచ్చలు పడుతుంది, అందుకని కర్ర చెంచా. ప్లాస్టిక్ డబ్బా పర్వాలేదు, పైగా చవక, మూత బిగువు పోతుంది చూసుకోండి. గాజు సీసా మంచిది, తడిచేత్తో జారిపడితే ఉప్పుతో పాటు గాజు కూడా ఏరుకోవాలి. చివరికి అత్తయ్యగారి పింగాణీ జాడీయే నిలబడింది. పైన గోధుమరంగు, కింద తెలుపు, ఊరగాయలకి వాడతాం కదా, అదే. నున్నటి పూత వల్ల చెమ్మ లోపలికి పోదు, ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు, నోరు పెద్దది కాబట్టి చెయ్యి పడుతుంది. కిలోది పూర్ణా మార్కెట్ దగ్గర రెండున్నర వందలకి బేరమాడి ఇంకోటి తెచ్చాను. కొనేటప్పుడు లోపల వేలు పెట్టి తడిమి చూడండి, పూత పెచ్చు ఊడి గరుగ్గా తగిలితే వద్దు.

నా ఏర్పాటు ఏంటంటే పెద్ద జాడీలో నిల్వ, అది స్టవ్‌కి దూరంగా అలమారలో, మూత మీద గుడ్డ కట్టి. రోజూ వాడకానికి చిన్న జాడీ, అందులో నాలుగైదు రోజులకి సరిపడేదే. గడ్డకట్టినా ఆ కాస్తే గడ్డకడుతుంది. వేయించిన బియ్యం గుడ్డమూటలో కట్టి వేస్తే చెమ్మ లాగుతుంది అంటారు, కొంత లాగుతుంది నిజమే, పది రోజులకి ఆ బియ్యం కూడా తడిసిపోతుంది, మళ్ళీ మార్చాలి, నాకు అంత ఓపిక లేక మానేశాను. ఉప్పు తడవడానికి అసలు కారణం మన అలవాటే. ఉడుకుతున్న సాంబారు మీద డబ్బా వంచి నేరుగా పోస్తాం, ఆవిరి అంతా డబ్బాలోకి. కూరగాయలు కడిగిన చేత్తోనే తీస్తాం. అత్తయ్యగారు ఇంటికి ఎవరొచ్చినా ఉప్పు చేతికి ఇవ్వరు, గొడవలొస్తాయని, కింద పెడితే తీసుకోవాలి. గొడవల సంగతేమో గానీ ఆ వంకన ఒకరి తడిచెయ్యి ఇంకొకరి ఉప్పుకి తగలకుండా పోతుంది, ఆ పద్ధతి నాకు నచ్చింది.

అయోడిన్ గురించి కూడా రెండు మాటలు. ఎర్ర ఉప్పు, నల్ల ఉప్పు, రాళ్ళ ఉప్పు మంచివని మెత్తుప్పు పూర్తిగా మానేసిన ఇళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే మూడున్నాయి. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినట్టు ఉందో లేదో చూసుకోండి. గొంతుకి గవదలా వాచే గాయిటర్ రాకుండానే కదా అయోడిన్ కలపడం మొదలుపెట్టింది, కలపని ఉప్పుని నేరుగా తినడానికి అమ్మకూడదని 2006లో దేశమంతా నిబంధన కూడా వచ్చింది. మన చేతికి వచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే కిలోకి 15 మిల్లీగ్రాములు, అయోడిన్ ఉండాలి. చెమ్మకీ వెలుతురుకీ వేడికీ ఆ కాస్తా తగ్గిపోతుంది, కాబట్టి మూతలేని డబ్బాలో స్టవ్ పక్కన పెడితే గడ్డకట్టడమే కాదు, అదీ పోతుంది. మేం రోజూ కూరల్లోకి అయోడిన్ ఉప్పు, ఊరగాయలకి మాత్రం రాళ్ళ ఉప్పు. ఆవకాయ ముందు రాళ్ళ ఉప్పుని మంచి ఎండలో ఒక రోజంతా ఆరబోసి దంచుకుంటాం, ఆ ఒక్క పని ఏప్రిల్, మే ఎండల్లోనే కుదురుతుంది.

రాళ్ళ ఉప్పుకి మారేవాళ్ళు చెంచా కొలత కూడా మార్చుకోవాలి. కిచెన్ కాటా మీద తూచాను, మా ఇంటి చెంచా తలగొట్టు మెత్తుప్పు ఆరు గ్రాములు తూగింది, అదే చెంచా రాళ్ళ ఉప్పు ఐదుకి కాస్త తక్కువ. గింజల మధ్య సందులుంటాయి కదా. ఆ తేడా తెలియక మొదటి వారం అన్నీ చప్పగా చేశాను, మా ఆయన ఏమీ అనకుండా పక్కన ఊరగాయ వేసుకుని తిన్నాడు. మెత్తుప్పుకి తిరిగి వచ్చేటప్పుడు అదే చేత్తో వేస్తే ఉప్పు కషాయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపే ఉండాలంటుంది, అంటే అన్నీ కలిపి ఆ చెంచా కూడా నిండదు. చూస్తే మా ఇంట్లో ఒక్క ఆవకాయ ముక్కతోనే దానిలో పెద్ద వాటా అయిపోయేటట్టుంది. ఇంట్లో చెప్పాను. "అయితే ముక్క చిన్నది వేసుకుంటాలే" అన్నారు అత్తయ్యగారు, వేసుకోలేదు.

ఇంకోటి మర్చిపోయాను. గ్రైండర్ పెట్టే చోట కింద చిన్న ప్లేటు పెట్టండి. ఎంత మంచిదైనా తిప్పాక అడుగున పట్టుకున్న పొడి కాస్త రాలుతుంది, గట్టు మీద నల్లటి గుండ్రటి ముద్ర పడుతుంది, తడి గుడ్డతో తుడిస్తే మరక ఇంకా పరుచుకుంటుంది. నేను పగిలిపోయిన టీకప్పు సాసరు పెట్టాను. సాయంత్రానికి అందులో చేరిన పొడిని అత్తయ్యగారు మజ్జిగలో కలిపేసుకుంటారు, కల్వం పొడి కాదు కదా అత్తయ్యా అంటే వినపడనట్టు గ్లాసు ఎత్తుతారు.